చలికాలంలో అడవి వాగు వెంట ఒంటరి నడక: తడవకుండా వెళ్లి రావడం ఎలా

నీరు పల్లమెరుగు అంటాం కదా, చల్లగాలి కూడా అంతే. రాత్రంతా కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, మెల్లగా కిందికి జారి, వాగు పారే లోయలో చేరుతుంది. అందుకే గాలి కదలని చలికాలపు ఉదయాల్లో గట్టు మీద కంటే వాగు పక్కనే చలి ఎక్కువ. ఎండ అక్కడికి ఆలస్యంగా దిగుతుంది, తొందరగా పోతుంది. ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. పైగా నడిచినంతసేపూ పక్కనే నీళ్లు. వాగు వెంట బాట పెద్దగా ఎగుడుదిగుళ్లు లేకుండా సాగుతుంది కాబట్టి చాలామంది దీన్ని తేలిక దారి అనుకుంటారు. వేసవిలో అది నిజమే.

మంచు పడే చోట, ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూగానో ఇంకా కిందో ఉన్న రోజున, ఒక్కరే పొద్దున వెళ్లి పొద్దుండగానే తిరిగొచ్చే నడక గురించి ఇక్కడ చెబుతున్నాను. పొడిగా ఉన్న మనిషి చాలా చలిని తట్టుకుంటాడు. తడిసిన మనిషి కొంచెం చలికే కూలబడతాడు. నీళ్లు మన ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. కింద చెప్పేవన్నీ దాదాపుగా రెండు పనుల కోసమే: చెమటతో తడవకుండా ఉండటం, వాగులో తడవకుండా ఉండటం. పక్కన చెయ్యి అందించే మనిషి లేడు కాబట్టి, ఎక్కడ వెనక్కి తిరగాలో కూడా ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరాలి.

దారి ఎంచుకోవడం

వేసవిలోనో వానలు తగ్గాకో ఒకసారి నడిచిన బాటనే ఎంచుకోండి. మంచు కప్పేశాక బాట ఆనవాళ్లు సగం మాయమవుతాయి. మలుపు ఎక్కడుందో, వంతెన ఎక్కడుందో కాళ్లకు ముందే తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. ఎప్పుడూ నడవని బాటలో మొదటిసారే, అదీ చలికాలంలో, అదీ ఒక్కరే వెళ్లడం నాకు అస్సలు నచ్చని పని.

చుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చే దారి కంటే, వెళ్లిన దారినే తిరిగొచ్చేది మేలు. చుట్టుదారిలో అన్నిటికంటే కష్టమైన చోటు చివర్లో, మీరు అలసిపోయాక, వెలుతురు తగ్గాక ఎదురుకావచ్చు. అప్పటికి వెనక్కి తిరిగినా దూరమే. వెళ్లిన దారినే వస్తే ఏ నిమిషంలోనైనా ఆపి తిరగొచ్చు, మీ అడుగుజాడలే దారి చూపిస్తాయి, ఎక్కడ జారుతుందో కూడా తెలిసిపోయి ఉంటుంది.

మ్యాపు ముందు పెట్టుకుని బాట వాగును ఎన్నిసార్లు దాటుతుందో లెక్కపెట్టండి. వాటిలో ఎన్నిటికి వంతెన ఉందో చూడండి. వంతెన లేని దాటు ఒక్కటున్నా, మొదటి చలికాలపు నడకకు ఆ దారి వద్దు, లేదంటే ఆ దాటు దగ్గరే నడక ముగించండి. తర్వాత రెండు ఒడ్డుల వాలు చూడండి. మ్యాపులో ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గరదగ్గరగా ఉండి, పైన చెట్లు లేని నిటారు వాలు ఉంటే, అంటే 30 నుంచి 45 డిగ్రీల మధ్య, అక్కడ హిమపాతం (అవలాంచ్), అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా కిందికి జారిపడే అవకాశం ఉంది. వాగు అడుగున నడిచేవాళ్లకు ఇది రెట్టింపు ప్రమాదం. పైనుంచి జారిన మంచు విశాలంగా పరుచుకునే చోటు లేక ఇరుకు లోయలోనే పోగవుతుంది, చిన్న జారుడు కూడా మనిషిని లోతుగా కప్పేస్తుంది. అలాంటి లోయను ఆ కాలానికి మర్చిపోండి. హిమపాత హెచ్చరికలు ఇచ్చే ప్రాంతమైతే ఆ రోజు హెచ్చరిక తప్పకుండా చదవండి.

ఇంకొక చిన్న విషయం. ఉత్తరార్ధగోళంలో వాగు తూర్పు పడమరలుగా పారుతుంటే, ఉత్తరపు ఒడ్డున ఉన్న బాటకు ఎండ తగులుతుంది, దక్షిణపు ఒడ్డున ఉన్నదానికి తగలదు. నీడ ఒడ్డున పొద్దున కట్టిన ఐస్ సాయంత్రం దాకా కరగదు.

టైము లెక్క

విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మంచు లేని దారికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద ఆ వేగంలో సగం వేసుకోండి. ఎవరూ నడవని, మోకాలి దాకా దిగబడే మంచులో గంటకు ఒకటిన్నర కిలోమీటరు నడిస్తే గొప్ప.

పగటి వెలుతురు ఎంతుంటుందో చూడండి. డిసెంబర్ చివర్లో 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పగలు దాదాపు తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు, 50 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలే. అది చదునైన చోటి లెక్క. లోతైన లోయలో సూర్యుడు గట్టు వెనక్కి చాలా ముందే వెళ్లిపోతాడు, ఆ వెంటనే చలి పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. సూర్యోదయం 8 గంటలకు, అస్తమయం 4 గంటలకు అనుకోండి. 8:30కి బయల్దేరి 3 గంటలకల్లా బయటపడాలి. మధ్యలో ఆగడానికి అరగంట తీసేస్తే మిగిలేది ఆరు గంటలు, పోను మూడు, రాను మూడు. అంటే 11:30కి ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే. గంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున కాగితం మీద ఏడున్నర కిలోమీటర్ల దూరం వెళ్లొచ్చని వస్తుంది. నేనైతే 5 దగ్గర ఆపేస్తాను. 11:30కి వాచీలో అలారం పెట్టుకోండి. జలపాతం ఇంకో మలుపు తిరిగితే వస్తుందని తెలిసినా, అలారం మోగితే తిరగండి.

వాతావరణం చూసేటప్పుడు ఆ ఒక్క రోజు చూస్తే చాలదు, ముందు నాలుగైదు రోజులు ఎలా గడిచాయో చూడాలి. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకడుతూ ఉంటే బాట మొత్తం అద్దంలా ఉంటుంది. మంచు మీద వాన కురిస్తే వాగు ఒక్కసారిగా పొంగుతుంది. అంకె చూసి మైనస్ 10కి భయపడి, 2 డిగ్రీల జల్లుకు తేలిగ్గా బయల్దేరేవాళ్లు ఉంటారు. నిజానికి గాలి లేని పొడి మైనస్ 10 కంటే 2 డిగ్రీల్లో పడే జల్లు ప్రమాదం, ఎందుకంటే అది బట్టల్లోకి దిగుతుంది. ఇక గాలి సంగతి: మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి దాదాపు మైనస్ 20 లాగే ఉంటుంది. చెట్ల మధ్య గాలి కొంత తగ్గుతుంది కానీ, మంచు బరువుతో వంగిన కొమ్మలు ఆ గాలికే విరిగి పడతాయి. తడి మంచు బాగా కురిసిన మర్నాడు గట్టి గాలి ఉందంటే ఆ రోజు ఇంట్లో ఉండండి.

ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి

ఒక్కరికి చెప్పండి, కానీ రాసి ఇవ్వండి. బండి ఎక్కడ ఆపుతున్నారు, ఏ బాట, ఎంత దూరం, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ రాకపోతే ఎన్నింటికి సహాయక బృందానికి కబురు పెట్టాలి, ఏ నంబరుకి. ఈ చివరి రెండూ చాలామంది చెప్పరు. అవి లేకపోతే అవతలి మనిషి ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ రాత్రి పదింటి దాకా కూర్చుంటాడు. చెప్పిన తర్వాత దారి మార్చొద్దు. అక్కడికెళ్లాక పక్క బాట బాగుందనిపించినా సరే, మార్చొద్దు.

ఫోన్‌లో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒంటికి దగ్గరగా ఉండే లోపలి జేబులో పెట్టుకోండి. చలికి లిథియం అయాన్ బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది, 40 శాతం చూపిస్తున్న ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోవచ్చు. వెచ్చబడితే మళ్లీ కొంత తిరిగొస్తుంది. కాగితం మ్యాపు, దిక్సూచి కూడా ఉండాలి. సిగ్నల్ లేని చోట్లకు తరచుగా వెళ్లేవాళ్లయితే ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరమో, 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పర్సనల్ లొకేటర్ బీకనో (ప్రమాదంలో నొక్కితే మీరున్న చోటును సహాయక బృందాలకు తెలిపేది) కొనుక్కోవడం మంచిది. బీకన్‌కు నెలనెలా చందా ఉండదు, కానీ మీ పేరు మీద రిజిస్టర్ చేయించాలి. రెండిటికీ ఆకాశం కనిపించాలి. ఇరుకు లోయ అడుగున నొక్కి ఊరుకుంటే సరిపోదు, వీలైతే విశాలమైన చోటికి రావాలి.

ఒంటి మీద ఏముండాలి

నూలు బట్టలు వద్దు. లోపలి బనియన్ నుంచి సాక్సుల దాకా, జీన్స్ ప్యాంటుతో సహా, ఏదీ వద్దు. నూలు చెమట పీల్చుకుని ఆరదు, ఆగిన రెండు నిమిషాలకే ఒంటికి చల్లగా అతుక్కుంటుంది. ఒంటికి తగిలే పొర ఉన్నిదో సింథటిక్‌దో, దాని మీద ఫ్లీస్ (మెత్తటి బొచ్చున్న సింథటిక్ బట్ట), అన్నిటికీ పైన గాలినీ నీటినీ ఆపే జాకెట్. వీటితోపాటు బ్యాగులో ఒక లావుపాటి జాకెట్ ఉండాలి, అది నడిచేటప్పుడు కాదు, ఆగినప్పుడు వేసుకోవడానికి. వాగు పక్క తేమ ఎక్కువ కాబట్టి ఈకలు నింపినదాని కంటే సింథటిక్ దూది నింపినదే ఇక్కడ నయం. ఈకలు తడిస్తే ఉండకట్టి వేడి నిలపవు.

బూట్లలో కాలివేళ్లు కదలాలి. వెచ్చగా ఉంటుందని రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే రక్తం సరిగా పారక వేళ్లు ఇంకా చల్లబడతాయి. బూటు పైనుంచి మోకాలి కింది దాకా చుట్టుకునే గైటర్లు మంచు లోపలికి పోకుండా ఆపుతాయి. పలచటి గ్లౌజులు ఒక జత, వాటి మీదికి నాలుగు వేళ్లూ కలిసి ఉండే మందపాటివి ఒక జత, బ్యాగులో ఇంకో పొడి జత. గ్లౌజులు తడవడం ఖాయం, అందుకే మూడోది.

బ్యాగులో ఏముండాలి

పొడి బట్టల సంచి అన్నిటికంటే ముఖ్యం. లోపలి చొక్కా, లోపలి ప్యాంటు, రెండు జతల ఉన్ని సాక్సులు, టోపీ. వీటిని నీళ్లు చొరని సంచిలో పెట్టి మూతి గట్టిగా మడవండి. అందులోంచి ఒక్కటి కూడా నడుస్తూ వాడకూడదు, పడిపోతే తప్ప. వాటితోపాటు రెండు మామూలు ప్లాస్టిక్ కవర్లు, ఎందుకో తర్వాత చెబుతాను.

రెండోది హెడ్‌ల్యాంప్. పగటి నడకే అయినా ఉండాలి. బ్యాటరీలు మార్చే రకమైతే రీఛార్జ్ చేయలేని లిథియం బ్యాటరీలు వేసుకోండి, చలిలో మామూలు ఆల్కలైన్ కంటే బాగా పనిచేస్తాయి. ఇంకా విజిల్, రెండు రకాల నిప్పు సాధనాలు, పల్చటి రేకు దుప్పటి కాకుండా మనిషి దూరగలిగే ఎమర్జెన్సీ సంచి, కూర్చోడానికి ఫోమ్ ముక్క, ఫస్ట్ ఎయిడ్ సామాను, ఫ్లాస్కులో వేడిగా ఏదైనా. తిండి విషయంలో ఒకటే చూడండి: గ్లౌజు తీయకుండా తినగలగాలి, చలికి రాయిలా గట్టిపడకూడదు. నట్స్ పర్వాలేదు, కొన్ని రకాల చాక్లెట్ బార్లు పళ్లు విరగ్గొడతాయి.

నీళ్ల సీసా మూతి వెడల్పుగా ఉన్నది తీసుకుని, తలకిందులుగా పెట్టండి. ఐస్ పైభాగాన మొదలవుతుంది కాబట్టి సీసా అడుగున కడుతుంది, మూత తెరుచుకుంటుంది. గొట్టంతో తాగే సంచులు చలికి పనికిరావు, గొట్టం ముందే గడ్డకడుతుంది. వాగు నీళ్లు ఎంత చల్లగా, తేటగా ఉన్నా అలాగే తాగొద్దు, కొన్ని పరాన్నజీవులు చల్లటి నీళ్లలో వారాల తరబడి బతికే ఉంటాయి. బోలు దారాల ఫిల్టర్ ఒకసారి తడిసి గడ్డకట్టిందంటే లోపల చిట్లిపోతుంది, పైకి ఏమీ తెలియదు. నీళ్లు మరిగించడం నమ్మకమైన దారి: ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు.

బూట్ల కింద మైక్రోస్పైక్స్, అంటే రబ్బరు పట్టీతో తగిలించుకునే ఉక్కు పళ్లు, చేతుల్లో రెండు నడక కర్రలు. ఈ రెండూ లేకుండా ఐస్ కట్టిన వాగు బాటకు వెళ్లొద్దు.

నడక మొదలు

బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేయాలి. వెచ్చగా, హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే. పది నిమిషాలు నడిచాక ఆగి, వీపు మీద చెయ్యి పెట్టి చూసుకోండి. చెమ్మ తగిలితే ఒక పొర తీసేయండి. ఎక్కుడు వచ్చే ముందే తీయాలి, చెమట పట్టాక కాదు. ఆగిన ప్రతిసారీ లావు జాకెట్ వెంటనే వేసుకోవాలి, చలి వేసేదాకా చూడొద్దు. దాహం, ఆకలి తెలియకపోయినా గంటకోసారి కొంచెం తినండి, తాగండి.

స్పైక్స్ జారాక తగిలించుకునేవి కావు. ముందు బాట మీద ఐస్ మెరుస్తూ కనిపించగానే, నిలకడైన చోట ఆగి తొడుక్కోండి. అడుగులు చిన్నగా, పాదం మొత్తం ఒకేసారి ఆనించి వేయండి.

వాగు పక్క బాటకే ప్రత్యేకమైన మోసాలు కొన్ని ఉన్నాయి. మొదటిది ఒడ్డు. నీళ్లు గట్టు అడుగును కోసేస్తాయి, పైన మంచు మాత్రం నేలలాగే ముందుకు పొడుచుకుని ఉంటుంది. అంచుకు వెళ్లి కిందికి తొంగి చూడాలనిపిస్తుంది, మీ కాళ్ల కింద ఉన్నది గాలి. చెట్టు మొదలు కనిపించే చోటి నుంచి ముందుకు వెళ్లకండి. రెండోది ఊట. కొండ నుంచి కారే నీళ్లు బాట మీద పొరలు పొరలుగా గడ్డకట్టి, వారం వారం మందమవుతూ వాగు వైపు వాలుతాయి. మనం జారితే తీసుకెళ్లేది కూడా అటే. అలాంటి చోట ఐస్ పలకకు ఎగువన, కొండ వైపు నుంచి చుట్టి రావాలి, దిగువన వాగు వైపు నుంచి ఎప్పుడూ కాదు. మూడోది చెక్క వంతెన. దానికి కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా గాలే, అందుకే బాట బాగున్న రోజున కూడా వంతెన మీద పలుచటి ఐస్ ఉంటుంది. నాలుగోది మంచు రంగు. తెల్లగా ఉన్న చోట మధ్యలో బూడిద రంగు మరక కనిపిస్తే, మంచు కింద నీళ్లు చేరాయని అర్థం. అక్కడ అడుగు పెడితే బూటు నిండుతుంది.

నీళ్ల హోరు ఇంకో సంగతి. వాగు పక్కన మనకు వేరే చప్పుళ్లు వినిపించవు, కొమ్మ విరిగే శబ్దం కూడా. మంచు మోస్తున్న చెట్ల కింద ఆగి ఫొటోలు తీసుకోవద్దు, ఖాళీ చోటు చూసుకుని ఆగండి. బాట చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూడండి, తిరిగొచ్చేటప్పుడు అది ఎలా కనిపిస్తుందో కళ్లకు తెలియాలి.

వెనక్కి తిరిగే చోట కాసేపు నిలబడి చూస్తే చాలా కనిపిస్తుంది. పారే నీటి ఆవిరి పక్క కొమ్మల మీద సూదుల్లాంటి మంచై కడుతుంది. ఉత్తరార్ధగోళపు కొండవాగుల్లో డిప్పర్ అనే బొద్దు పిట్ట గడ్డకట్టే చలిలో కూడా నీటి అడుగుకు మునిగి పురుగులు ఏరుకుంటుంది, పైకొచ్చి రాయి మీద కూర్చుని కూస్తుంది. నీటికుక్కలు పొట్ట మీద జారిన గాడులు ఒడ్డు మంచు మీద దొరుకుతాయి. కానీ ఐస్ మీద జంతువుల జాడలు చూసి అది మిమ్మల్ని కూడా మోస్తుందనుకోకండి. నక్క బరువెంత, మీ బరువెంత!

వాగు దాటాల్సి వస్తే

ఒక్కరే ఉన్నప్పుడు వంతెన లేని చోట దాటకపోవడమే నియమం. అయినా దాని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొద్దున తేలిగ్గా దాటిన చోటు మధ్యాహ్నం అలా ఉండదు. ఎండకు మంచు కరిగితే మధ్యాహ్నానికి వాగు పెరుగుతుంది. విచిత్రంగా, గట్టి చలి రాత్రి కూడా నీటిమట్టం పెరగొచ్చు. మబ్బులేని రాత్రి పారే నీళ్లు సున్నా కంటే రవ్వంత కిందికి చల్లబడి, అందులో సన్నటి ఐస్ పలుకులు పుడతాయి. అవి వాగు అడుగున రాళ్లకు పట్టుకుని ఆనకట్ట కడతాయి. ఎండెక్కాక అవి ఊడి, గడ్డలుగా కొట్టుకొస్తాయి.

రాళ్ల మీద గెంతుతూ దాటడం చలికాలంలో అన్నిటికంటే చెడ్డ పద్ధతి. నీటి తుంపర పడిన ప్రతి రాయి మీదా కంటికి కనిపించని ఐస్ పొర ఉంటుంది. అడ్డంగా పడిన దుంగ మీద నిలబడి నడవడం కూడా అంతే. తప్పనిసరైతే దుంగ మీద రెండువైపులా కాళ్లు వేసి కూర్చుని జరగండి, చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఐస్ మీద నుంచి దాటొచ్చా? కదలని చెరువులో తేటగా, గట్టిగా ఉన్న ఐస్ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉంటే మనిషి నడవొచ్చని చాలాచోట్ల చెబుతారు. తెల్లటి ఐస్ అయితే బలం సగమే. పారే వాగుకు ఈ లెక్క ఏదీ వర్తించదు. కింద ప్రవాహం ఐస్‌ను కోస్తూనే ఉంటుంది, మలుపు బయటి వైపు, రాయి పక్కన, దుంగ చుట్టూ, వంతెన కింద, ఊట కలిసే చోట మందం అడుగడుగుకీ మారిపోతుంది. పైన మంచు పరుచుకుంటే అది దుప్పటిలా పనిచేసి ఐస్‌ను గట్టిపడనివ్వదు. గడ్డకట్టాక నీటిమట్టం తగ్గితే కింద ఏ ఆసరా లేని బోలు పెంకు మిగులుతుంది. కర్రతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. పారే వాగు మీది ఐస్‌ను బాటగా ఎప్పుడూ లెక్కపెట్టొద్దు.

ఇక నీళ్లలో దిగి దాటడం. అవతలి ఒడ్డున చిక్కుకుపోయి, ఇల్లు ఇవతల ఉంటేనే ఈ ఆలోచన. ముందు ఒడ్డు వెంట పైకీ కిందికీ నడిచి వెడల్పైన చోటు వెతకండి. వాగు వెడల్పైన చోట సాధారణంగా లోతు, వేగం తక్కువ. కింద జలపాతం, దుంగల పోగు, ఐస్ కప్పిన మడుగు లేని చోటే కావాలి. మీరు కొట్టుకుపోతే నీళ్లు మిమ్మల్ని అక్కడికే తీసుకెళ్తాయి. ఉరకలేసే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దమనిషిని పడేయగలవు. వేగంగా పారే నీళ్లు మోకాలు దాటితే దిగొద్దు, అక్కడే ఆగి సహాయం పిలవండి.

దిగేటట్టయితే సాక్సులు తీసి సంచిలో పెట్టి, ఉత్త కాళ్లకు బూట్లు తొడిగి దిగండి. ఉత్త పాదాలతో వద్దు, చల్లటి నీళ్లలో పాదాలకు స్పర్శ పోయి ఎక్కడ ఆనుతున్నాయో తెలియదు. లోపలి ప్యాంటు కూడా తీసేస్తే అవతల పొడిగా తొడుక్కోవచ్చు. బ్యాగు నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పేయండి, పడితే బ్యాగు వదిలించుకోగలగాలి. ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, కర్రలు ముందు ఆనించి, పక్కకు చిన్న అడుగులు వేయండి. కర్ర, కాలు ఒకేసారి ఎత్తొద్దు. దాటగానే తుడుచుకుని, పొడి సాక్సులు తొడిగి, ఆ సాక్సుల మీద ప్లాస్టిక్ కవరు వేసి, అప్పుడు తడి బూటులో కాలు పెట్టండి. ఆ కవర్లు ఇందుకే. ఆ తర్వాత కూర్చోవద్దు, వేగంగా నడవండి.

పడిపోతే

ఐస్ చల్లటి నీళ్లలో మునిగిన మనిషి గురించి కెనడాకు చెందిన పరిశోధకుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక గుర్తు చెప్పాడు: ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు తల నీటిపైన ఉంచి ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడమే పని. తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్లు పనిచేస్తాయి, బయటపడాల్సింది అప్పుడే. స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. అంటే కంగారు పడినంత తొందరగా చలికి చనిపోరు, కానీ వేళ్లు మాత్రం చాలా తొందరగా చచ్చుబడతాయి.

ఐస్ విరిగి పడితే మీరు వచ్చిన వైపుకే తిరగండి, అటువైపు ఐస్ ఇప్పటిదాకా మిమ్మల్ని మోసింది. మోచేతులు ఐస్ మీద పెట్టి, ఈత కొట్టినట్టు కాళ్లాడించి ఒంటిని అడ్డంగా తెచ్చి, బోర్లా పైకి పాకండి. వెంటనే లేచి నిలబడొద్దు, గట్టి నేల దాకా దొర్లుతూ రండి.

ఒడ్డుకు చేరాక పొడి మంచు ఉంటే అందులో దొర్లండి, బట్టల్లోని నీటిని కొంత పీల్చేస్తుంది. తర్వాత గాలి తగలని చోట, ఫోమ్ ముక్క మీద నిలబడి, తడివన్నీ విప్పేసి సంచిలోని పొడి బట్టలు వేసుకోండి. చలిలో బట్టలు విప్పడానికి మనసొప్పదు, కానీ అక్కడ ఆలస్యం చేసిన ప్రతి నిమిషానికీ వేళ్లు జిప్పు తీయలేనంతగా బిగుస్తాయి. లావు జాకెట్, టోపీ, వేడి పానీయం. బండి అరగంట నడకలో ఉంటే నడవండి, నడకే వేడి పుట్టిస్తుంది. చాలా దూరముంటే, లేదా దెబ్బ తగిలి ఉంటే, ఎమర్జెన్సీ సంచిలో దూరి సహాయం పిలవండి. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ లోపలి వేడి బయటికి పోతుంది, దాన్ని తీసుకెళ్లనే వద్దు.

ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే హైపోథర్మియా అంటారు. తోడున్నవాళ్లయితే మీ తడబాటు చూసి చెబుతారు. ఒక్కరే ఉంటే మీకు మీరే పరీక్ష పెట్టుకోవాలి, ఎందుకంటే మొదట దెబ్బతినేది తీర్పు చెప్పే బుర్రే. గంటకోసారి బొటనవేలిని అదే చేతి చిటికెన వేలికి తాకించండి. అందకపోతే ఆగి, తిని, పొర వేసుకోవాలి. బయటికి ఒక వాక్యం మాట్లాడి చూడండి, నాలుక మడతపడుతోందా? కాళ్లు తట్టుకుంటున్నాయా? కారణం లేకుండా చిరాకు, లేదా ఏదైనా ఫర్వాలేదులే అన్న నిర్లక్ష్యం వస్తోందా? వణుకు రావడం మంచిదే, ఒళ్లు పోరాడుతోందని. వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే మాత్రం ప్రాణాపాయం, అప్పుడు ఆలోచించకుండా బీకన్ నొక్కాల్సిందే.

దారి తప్పితే

వాగు వెంట కిందికి నడిస్తే ఎక్కడో ఒకచోట ఊరొస్తుందని పాత సలహా ఒకటుంది. చలికాలపు లోయలో దాన్ని నమ్మొద్దు. కిందికి వెళ్లేకొద్దీ వాగు జలపాతాల్లోకి, నిటారు గండ్లలోకి, పొదల్లోకి దిగుతుంది, మీరు పదేపదే దాటాల్సి వస్తుంది, తడుస్తారు. అనుమానం రాగానే ఆగండి. కూర్చుని, ఏదైనా తిని, మ్యాపు తీయండి. ఆ తర్వాత మీ అడుగుజాడల వెంటే వెనక్కి, బాట కచ్చితంగా తెలిసిన చివరి చోటికి వెళ్లండి. కొత్త మంచు వాటిని కప్పేస్తుంటే ఇంకా తొందరగా ఈ నిర్ణయం తీసుకోవాలి.

వెనక్కి వెళ్లలేకపోతే, చీకటి పడుతుంటే, అక్కడే ఉండిపోవడం మేలు. కానీ సరిగ్గా వాగు ఒడ్డున కాదు. కొంచెం పైకి ఎక్కి, గాలి తగలని చెట్ల మధ్య, విరగడానికి సిద్ధంగా ఉన్న కొమ్మలు నెత్తిన లేని చోట ఆగండి. అక్కడ చలి తక్కువ, నీళ్ల హోరు తక్కువ, మీ విజిల్ దూరం వినిపిస్తుంది, వాళ్ల పిలుపు మీకు వినిపిస్తుంది. నేల మీద నేరుగా కూర్చోకుండా బ్యాగు, ఫోమ్, రాలిన కొమ్మలు కింద పరుచుకోండి. ఆల్ప్స్ పర్వతాల్లో వాడే ప్రమాద సంకేతం నిమిషంలో ఆరు విజిళ్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. జవాబు మూడు విజిళ్లు. ఉత్తర అమెరికాలో మూడు విజిళ్లే ప్రమాద సంకేతం. చీకట్లో హెడ్‌ల్యాంప్‌తో కూడా ఇలాగే చేయొచ్చు.

తిరిగొచ్చాక

బండి దగ్గరికి రాగానే, బూట్లు విప్పకముందే, చెప్పి వచ్చిన మనిషికి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే సిగ్నల్ వచ్చిన మొదటి చోట ఆపి చేయండి. కాలివేళ్లు, చెవులు, ముక్కు కొన చూసుకోండి. తెల్లగా, మైనంలా, స్పర్శ లేకుండా ఉంటే మంచుకాటు. దాన్ని రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు. చంకల్లోనో అరచేతుల్లోనో పెట్టి వెచ్చబరచండి, స్పర్శ తిరిగిరాకపోతే డాక్టర్‌కు చూపించండి.

ఇంటికొచ్చాక స్పైక్స్ తుడిచి ఆరబెట్టండి, లేకపోతే తుప్పు పడతాయి. బూట్లను హీటర్ పక్కన పెట్టకుండా లోపల కాగితం కుక్కి మామూలు గదిలో ఆరనివ్వండి, వేడికి జిగురు ఊడుతుంది. ఎక్కడెక్కడికి ఎన్నింటికి చేరారో మ్యాపు మీదే పెన్సిల్‌తో రాసిపెట్టండి. పొడి బట్టల సంచి తెరిచి ఉంటే, ఆ రాత్రే ఉతికినవి పెట్టి మళ్లీ మూసేయండి.